విచారణ పుస్తకంలో మన ఇంటిపేరు
(విచారణ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



మన విచారణ జీవితంలో వచ్చిన మార్పులను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ఉత్సవ సంఘంవారు మమ్మల్ని కోరారు. శతాబ్ది అనగానే మనం సాధారణంగా కట్టడాల లెక్క చెప్పుకుంటాము. గంటస్తంభం ఎవరు కట్టించారు, గుడి పైకప్పు పెంకు నుండి శ్లాబుగా ఎప్పుడు మారింది, ప్రహరీకి ఎవరెంత ఇచ్చారు అనే లెక్కలు ఈ సంచికలో ఇతరులు వ్రాస్తున్నారు. చలువరాతి పలకల మీద కూడ అవి ఉండనే ఉన్నాయి. మేము మాత్రం మీ దృష్టిని మూడు పాత పుస్తకాల వైపు త్రిప్పదలచాము. గురునివాసంలోని ఇనుప బీరువాలో ఉండే జ్ఞానస్నానాల పుస్తకం, వివాహాల పుస్తకం, మరణాల పుస్తకం. సర్టిఫికెట్టు అవసరమైన రోజున తప్ప వాటిని తలచుకునేవారు తక్కువ. కాని కోనసీమలో కతోలిక కుటుంబం ఎక్కడ నుండి ఎక్కడకు నడిచిందో చెప్పగల సాక్షులు అవే. ఈ మధ్య కాలంలో ఆ పుస్తకాలలో పడవలసిన పేర్లు పడడం లేదు. గుడి నిండుగానే ఉంటుంది, పుస్తకం మాత్రం పలచబడుతోంది. ఈ సంగతే ఈ రోజు మీ ఎదుట పెట్టదలచుకున్నాము.

ఈ పుస్తకాలు మన దొరల కాలంలో ఎవరో సరదాగా మొదలుపెట్టినవి కావు. 1563లో త్రెంతు మహాసభ ప్రతి విచారణ గురువు వివాహాలను పుస్తకంలో వ్రాసి భద్రపరచాలని ఆజ్ఞాపించింది. ఇప్పుడు అమలులో ఉన్న 1983 నాటి శ్రీసభ చట్టం 535వ సూత్రం ప్రకారం ప్రతి విచారణలో జ్ఞానస్నానం, వివాహం, మరణం పుస్తకాలు తప్పనిసరి. జ్ఞానస్నానం వ్రాసిన వరుసకు ఎదురుగా అంచున కొంత స్థలం ఖాళీగా విడుస్తారు. ఆ బిడ్డ పెరిగి భద్రమైన అభ్యంగనం పొందితే అక్కడ వ్రాస్తారు. పెండ్లి చేసుకుంటే, అది ఎంత దూరదేశంలో జరిగినా, అక్కడి గురువు జ్ఞానస్నానం జరిగిన విచారణకు కబురు పంపాలి. అదీ అక్కడ వ్రాస్తారు. కనుకనే వివాహ సమయంలో కొత్తగా తీసిన జ్ఞానస్నాన పత్రం తెమ్మని మేము పట్టుబట్టేది. ఎప్పుడో ఇచ్చిన పాత కాగితం పెట్టెలోంచి తీసి ఇస్తే చాలదా అని కొందరు విసుగుకుంటారు. పాత కాగితంలో అంచు ఉండదు. అంచులో ఏముందో తెలియకుండా పిల్లనిస్తే, వరుడికి మరొక ఊళ్లో ఇదివరకే పెండ్లి అయిన సంగతి పిల్ల తండ్రికి ఎవరు చెబుతారు?

పాత పుటలు తిరగేస్తే లత్తీను భాష కనిపిస్తుంది. యోసేపు అక్కడ యోసేఫుస్, పౌలు అక్కడ పౌలుస్. ఇంటిపేరులో 'ళ' ఉంటే లత్తీను అక్షరాలలో అది 'ల' అయిపోయింది; ఆ 'ల'తోనే ఆధారు కార్డు దాకా వచ్చిన కుటుంబాలు కూడ ఉండి ఉంటాయి. తల్లి పేరు, తండ్రి పేరు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి, గురువు సంతకం. చదువురాని కూలివారి పేరును తేదీతో సహా, సంతకంతో సహా ఒక పుస్తకంలో ఎక్కించడం ఆ రోజులలో చిన్న సంగతి కాదు. కరణంగారి పుస్తకంలో భూమి ఉన్నవారి పేర్లుండేవి. భూమి లేనివారి పేరు తేదీతో సహా నిలిచింది ఈ పుస్తకంలో.

రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న పూజార్చనలను గూర్చిన ప్రకటన వెలువరించింది. అటు తరువాత దివ్యపూజ తెలుగులోకి వచ్చింది. గురువు ప్రజల వైపు తిరిగి నిలబడ్డాడు. అర్థం కాకపోయినా లత్తీను పూజలోనే భక్తి ఉండేదని పెద్దవారు కొందరు ఇప్పటికీ అంటారు. వారిని మేము తప్పుపట్టము. మోకాళ్లు కాయలు కాచేలా ప్రార్థించినవారు వారు. కాని సువిశేషం తల్లిభాషలో విన్నాక కలిగిన మార్పు పుస్తకంలోనూ కనిపించింది. వ్రాసే భాష మారింది, పెట్టే పేర్లు మారాయి. జెరోము, థెరెసమ్మలతో పాటు జ్యోతి, కిరణ్, దయాకర్ వచ్చారు. ఆ పేర్లలో తప్పేమీ లేదు. క్రైస్తవ భావానికి విరుద్ధం కాని పేరు ఏదైనా పెట్టుకోవచ్చుననే 1983 చట్టం చెబుతున్నది.

పాలనలో కూడ మార్పు వచ్చింది. 1976 డిసెంబరు 9న విజయవాడ మేత్రాసనం నుండి ఏలూరు మేత్రాసనం విడివడి, మహా ఘన జాన్ ములగాడ గారు మొదటి పీఠాధిపతులయ్యారు. వైనతేయ, వశిష్ఠ పాయలను పడవ మీదనో పంటు మీదనో దాటి గురువు లంకగ్రామానికి వచ్చే రోజులు పోయాయి. చించినాడ దగ్గర, బోడసకుర్రు దగ్గర, యెదుర్లంక దగ్గర వంతెనలు పడ్డాయి. వెనుకటివలె గురువు కోసం రేవులో ఎదురుచూడనక్కరలేదు. ఇప్పుడు గురువే మోటారుసైకిలు మీద వచ్చి మీ కోసం ఎదురుచూస్తున్నాడు!

ఇక కష్టమైన మాటకు వద్దాము. మన సభలలో దీనిని ఎవరూ పైకి అనరు, ఇంటికి పోయాక మాత్రం అందరూ అనుకుంటారు. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా ప్రకారం హిందూమతం కాక వేరొక మతాన్ని అవలంబించిన వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడుగా పరిగణింపబడడు. 1956లో సిక్కుల విషయంలోను, 1990లో బౌద్ధుల విషయంలోను ఆ ఉత్తర్వును సవరించారు. క్రైస్తవుల విషయంలో సవరించలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవ మతం స్వీకరించిన షెడ్యూల్డు కులాల వారిని, వారి సంతానాన్ని బి.సి. - సి వర్గంలో చేర్చి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. 2022లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ గారి ఆధ్వర్యాన ఈ విషయాన్ని పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించింది. 2023 మార్చిలో మన శాసనసభ ఈ సవరణ కోరుతూ తీర్మానించింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, క్రైస్తవ మతంలో ఉన్న వ్యక్తి అట్రాసిటీ నిరోధక చట్టం రక్షణ కోరజాలడని తీర్పు చెప్పింది. కాగితం మీద ఇవి చట్టపు మాటలు. మన పేటలో మాత్రం ఒక కుర్రవాడి ఇంజనీరింగు సీటు, ఒక ఆడపిల్ల హాస్టలు, ఒక తండ్రి కాలనీ ఇల్లు వీటి మీద ఆధారపడి ఉన్నాయి.

అందువల్ల జరుగుతున్నది ఏమిటి? కుటుంబం ఆదివారం పూజకు వస్తుంది. పాటలు పాడుతుంది, కానుక వేస్తుంది, తపస్సుకాలంలో సిలువమార్గం చేస్తుంది. బిడ్డకు జ్ఞానస్నానం ఎప్పుడమ్మా అంటే, "తర్వాత చూద్దాం లెండి ఫాదరుగారూ" అంటుంది. ఆ తర్వాత రాదు. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు. వివాహం కల్యాణమండపంలో జరుగుతుంది, మనం పోయి ప్రార్థన చేసి అక్షతలు వేసి వస్తాము, వివాహాల పుస్తకంలో ఆ వరుస లేదు. తాతగారు లత్తీనులో ఉన్నారు, తండ్రి తెలుగులో ఉన్నాడు, మనవడు లేడు.

ఆ కుటుంబాన్ని పిరికివారని, అబద్ధికులని పిలిచే హక్కు ఎవరికీ లేదని మా అభిప్రాయం. మతం మారినంత మాత్రాన ఊరు వారిని చూసే చూపు మారలేదు. మారిందల్లా ప్రభుత్వ జాబితా. హోటలులో గ్లాసు వేరుగా పెట్టిన రోజులలో నీది ఏ మతమని ఎవరూ అడగలేదు. పోనీ శ్రీసభ లోపల మారిందా? భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత క్రైస్తవుల అభ్యున్నతి కోసం ఒక విధాన పత్రం ప్రకటిస్తూ, శ్రీసభలోనూ కులవివక్ష ఉన్నదని, అది పాపమని ఒప్పుకున్నది. 2022 ఆగస్టు 27న మన తెలుగుబిడ్డ, హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినలు అయ్యారు. దళిత కుటుంబాల నుండి ఆ స్థానం పొందిన మొదటివారు. ఆ రోజు మనం బాణసంచా కాల్చాము. ఆ సంతోషం నిజమే. అయినా సమాధుల తోటలో ఎవరిని ఏ మూల పూడ్చాలి అనే వాదన మన జిల్లాలలో పూర్తిగా చల్లారిందని మీలో ఎవరైనా గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

కొందరు గురునివాసానికి వచ్చి, పుస్తకంలో నుండి పేరు కొట్టివేయమని అడుగుతారు. అది మా చేతిలో లేదు. జరిగిన జ్ఞానస్నానాన్ని జరగలేదని వ్రాయడం ఎవరి తరమూ కాదు. మరికొందరు వేరే పేరుతో సర్టిఫికెట్టు కావాలంటారు. పుస్తకంలో ఉన్నదే కాగితం మీద పడుతుంది. చట్టాన్ని మోసం చేయమని మేము ఎవరికీ సలహా చెప్పము, పుస్తకం చేత అబద్ధం ఆడించము. దానితో పాటు సంఘపెద్దలకు కూడ ఒక మాట చెప్పక తప్పదు. మన బడులలో ఫీజు తగ్గించకుండా, మన హాస్టలులో చోటివ్వకుండా, ఒక కూలివాని బిడ్డను విశ్వాసం కోసం సీటు వదులుకో అనడం చాల తేలిక. విశ్వాసానికి వెల కట్టి, ఆ వెల ఎదుటివాని చేత చెల్లింపజేయడం అవుతుంది అది. ఒక కుటుంబం ధైర్యం చేసి బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పిస్తే, ఆ బిడ్డ చదువు భారంలో విచారణ ఎంత మోస్తుందో ముందుగా చెప్పగలగాలి. ఈ ఏడు ఆర్థిక సంఘం సమావేశంలో ఈ పద్దు పెట్టవలసిందిగా కోరుతున్నాము. రంగులకు, మైకులకు పద్దులున్నాయి గదా!

రెండవ మార్పు గల్ఫు. ఇది కోనసీమలో ఏ ఇంటి గడప ఎక్కినా తెలుస్తుంది. కొబ్బరి దింపులతోను, కోతల కూలితోను ఇల్లు గడవక, 1990ల నుండి మరీ ఎక్కువగా, మన ఆడబిడ్డలు కువైటు, బహ్రెయిను, ఖతరు, దుబాయి దేశాలకు ఇంటిపనికి వెళ్లారు. పెంకుటిళ్లు డాబాలయ్యాయి. గుడికి కొత్త పలకలు వచ్చాయంటే వాటిలో సగం ఆ తల్లుల చేతి పొక్కులే. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర బిడ్డను ఎత్తుకునేది ఇప్పుడు మామ్మగారో అమ్మమ్మగారో. తల్లి ఫోనులో చూస్తూ అక్కడ కళ్లు తుడుచుకుంటుంది. నీళ్లు పోసేటప్పుడు ఫోను కొంచెం దగ్గరకు పెట్టండని అడిగితే మేము కాదనలేదు. పూజావిధి పుస్తకంలో ఫోను ఊసు లేదు, నిషేధమూ లేదు.

అక్కడి మన తల్లులు విశ్వాసం వదిలిపెట్టారనుకోవద్దు. కువైటులో వారాంతపు సెలవు శుక్రవారం, శనివారం కనుక అక్కడ శుక్రవారమే ఆదివారంలా గుడి నిండుతుంది. కువైటు నగరంలో తిరుకుటుంబ దేవాలయం, అహ్మదీలో అరేబియా మాత దేవాలయం ఉన్నాయి. బహ్రెయినులోని అవాలీలో అరేబియా మాత పేరిట ప్రధానాలయం 2021 డిసెంబరులో ప్రతిష్ఠింపబడింది. మరుసటి ఏడు నవంబరులో ఫ్రాన్సిస్ పాపుగారు అక్కడకు వెళ్లారు. యజమాని సెలవిచ్చిన రోజున బస్సు ఎక్కి వెళ్లి, పూజ చూసి, నాలుగు తెలుగు మాటలు చెప్పుకొని వచ్చే ఆడబిడ్డ భక్తి, ఇంటి పక్కన గుడి పెట్టుకుని రెండవ గంట దాకా టీ దగ్గర కూర్చునే మన భక్తి కంటే తక్కువదా?

ఈ గల్ఫు ప్రయాణం కూడ పుస్తకాన్ని పట్టి లాగుతున్నది. ముప్పది ఏండ్లు నిండని స్త్రీ ఇంటిపనికి ఆ దేశాలకు వెళ్లరాదని భారత ప్రభుత్వ నిబంధన ఉన్నది. ఇరవైనాలుగేళ్ల పిల్లను ముప్పదిఒకటి చేయడానికి ఏజెంట్లు మొదట వెతికేది పుట్టిన తేదీ ఉన్న కాగితమే. జ్ఞానస్నాన పత్రంలో సంవత్సరం ఒక్కటి మార్చి ఇవ్వండి, పిల్ల జీవితం నిలబెట్టినవారవుతారు అని అడిగేవారు వస్తారు. ఇవ్వము. ఇది మొండితనం కాదు. దొంగ వయస్సుతో వెళ్లిన పిల్లకు అక్కడ జీతం ఎగగొట్టినా, దెబ్బలు తిన్నా, పాస్‌పోర్టు లాగుకున్నా, పోయి అడగడానికి ఆమెకు నోరుండదు. తన కాగితమే తన మీద సాక్ష్యం చెబుతుంది. ఆ పిల్ల తల్లిదండ్రులు ఈ సభలో ఉంటే, అప్పు ఎంత తొందర పెడుతున్నా, ఏజెంటుకు డబ్బు కట్టకముందు ఒకసారి వచ్చి మాతో మాట్లాడండి. ప్రభుత్వం గుర్తించిన ఏజెంటా కాదా అనేది విదేశాంగశాఖవారి ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మన యువజన సంఘం పిల్లలు అయిదు నిమిషాలలో చూసి పెడతారు.

సెలవు మీద వచ్చి పెండ్లి చేసుకునేవారికి మరొక కష్టం. సెలవు నెలరోజులు. మూడు ఆదివారాల ప్రకటనలు, వివాహ శిక్షణ, కాగితాలు. విమానం దిగాక మొదలుపెడితే నెల ఇట్టే గడచిపోతుంది. చివరకు కోపంతో మండపంలో తాళి కట్టించుకుని పోతారు. అక్కడ ఉండగానే అక్కడి విచారణ గురువు దగ్గర, ఈ వ్యక్తికి ఇక్కడ వివాహం కాలేదని ఒక పత్రం తీసుకొని పంపితే, మిగిలినది ఇక్కడ మేము ముందే సిద్ధం చేసి ఉంచగలము. వరుడో వధువో లూథరన్, బాప్టిస్టు, బ్రదరన్ సంఘాలకు చెందినవారైనా ఫరవాలేదు. 1836 నుండి నరసాపురం చుట్టుపట్ల బ్రదరన్ సేవకులు పనిచేశారు. గోదావరి నేలలో మన మేనమామ ఒక సంఘం, మేనత్త ఒక సంఘం కావడం వింత కాదు. పీఠాధిపతుల అనుమతితో ఆ వివాహం గుడిలోనే చేయవచ్చు. త్రిత్వ నామమున నీటితో పొందిన జ్ఞానస్నానాన్ని మేము మళ్లీ ఇవ్వము కూడ. ఈ చివరి సంగతి తెలియకనే చాల మంది మా గడప తొక్కడానికి జంకుతారు.

మరణాల పుస్తకం గూర్చి క్లుప్తంగా. 1996 నవంబరు 6 నాటి తుఫాను, 2020, 2021 కరోనా నెలలు, గల్ఫు నుండి పెట్టెలో వచ్చిన బిడ్డలు. ఎక్కువ చెప్పము. మన చేతులతో పూడ్చని వారి పేర్లు కూడ, ఎక్కడ మట్టి అయ్యారో తెలిసినంత వరకు, వ్రాయించండి. నవంబరు 2న ఆత్మల పండుగనాడు చదివేది ఆ పుస్తకాన్నే.

ఇక నీళ్ల భయం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. గట్లు తెగి మన లంకలు, పల్లెలు మునిగాయి. 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటింది. ఇంటిలో కాగితాలు పోయినవారు, జ్ఞానస్నానం పొందినట్లు రుజువు లేదని దిగులు పడుతుంటారు. చట్టంలోని 876వ సూత్రం ఈ దిగులు తీర్చింది. ఎవరికీ నష్టం కలగని పక్షంలో, నమ్మదగిన సాక్షి ఒక్కరి మాట చాలు. పెద్దయ్యాక జ్ఞానస్నానం పొందినవారైతే వారి ప్రమాణమే చాలు. కనుక మీ జ్ఞానతల్లి ఇంకా బ్రతికి ఉంటే ఈ నెలలోనే ఆమెను వెంటబెట్టుకొని రండి. ఎనభై దాటినవారి జ్ఞాపకం కూడ వరదలో ఉన్న కాగితం వంటిదే.

ఈ పని ఒక్క గురువు వల్ల అయ్యేది కాదు. వెనుక మన పేటలలో గురువు నెలకొకసారి వస్తే, మిగిలిన రోజులు సంఘాన్ని నిలబెట్టినవారు ఉపదేశులు. ఎవరి ఇంట బిడ్డ పుట్టింది, ఎవరు వలసపోయారు, ఎవరు చివరి ఘడియలలో ఉన్నారు అనేది వారి చిన్న నోటుపుస్తకంలో ఉండేది. 2021 మే నెలలో ఫ్రాన్సిస్ పాపుగారు ఉపదేశి సేవను శ్రీసభ అంతటికీ ఒక స్థిరమైన పరిచర్యగా ఏర్పాటు చేశారు. అది స్త్రీలకు కూడ తెరచి ఉంది. అదే ఏడు జనవరిలో పఠన సేవ, పీఠ సేవ కూడ స్త్రీలకు తెరిచారు. మన విచారణలో పిల్లలను పెంచుతున్నది మామ్మలు, జపమాల నడిపిస్తున్నది మామ్మలు, ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసినదీ మామ్మలే. ఉపదేశి అనగానే తెల్లపంచె కట్టిన పురుషుణ్ణే ఊహించుకునే అలవాటు మనం మానుకోవలసి ఉన్నది.

వచ్చే ఆదివారం మొదలు నాలుగు ఆదివారాలు, రెండవ పూజ అయ్యాక, మూడు పుస్తకాలు గుడి వసారాలో బల్లమీద ఉంటాయి. యువజన సంఘంవారు వాటిని పుటపుటకూ ఫొటో తీసి కంప్యూటరులో ఎక్కిస్తారు; ఒక నకలు ఏలూరుకు పంపుతాము, ఒకటి ఇక్కడ మేడమీద గదిలో ఉంచుతాము. మీ వరుస మీరు చూసుకోండి. పేరు తప్పు పడితే చెప్పండి. పాత అక్షరం కొట్టివేయము, అంచున సరైనది వ్రాస్తాము. ఇంకా ఎక్కని పేర్ల గూర్చి మాట్లాడదలచినవారు సాయంత్రం గురునివాసానికి రండి, తలుపు వేసుకుని మాట్లాడుకుందాము. కువైటు నుండో బహ్రెయిను నుండో వచ్చిన జ్ఞానస్నాన, వివాహ పత్రాలు మీ ఇంట్లో ఉంటే అవీ తీసుకురండి. నకలు మేము ఉంచుకొని అసలు మీకే ఇచ్చివేస్తాము.